తిరుపతి నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే జలపాతాలు: ఎప్పుడు పోవాలి, ఎట్లా నడవాలి

తిరుపతికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని, అదే రాత్రి రైలెక్కేస్తారు. ఊళ్ళో ఉండేవాళ్ళలో కూడా వానాకాలంలో కపిలతీర్థం ధార కింద తల తడుపుకోవడం తప్ప ఇంకో జలపాతం చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ శేషాచలం కొండల్లో, పుత్తూరు వైపు నగరి కొండల్లో ఎన్ని కోనలు, అంటే నీళ్ళు పారే ఇరుకు లోయలు, ఉన్నాయో, వాటిలో ఎన్నిటికి పొద్దున ఇడ్లీ తిని బయలుదేరి రాత్రి భోజనానికి ఇంటికి చేరొచ్చో తెలిస్తే ఒక్క సెలవు కూడా వదులుకోరు. కాకపోతే ఇక్కడ ఏ కోనకు పోవాలన్నది రెండో ప్రశ్న, ఎప్పుడు పోవాలన్నదే మొదటిది. అది సరిగ్గా చూసుకుంటే మామూలు కోన కూడా కళ్ళు నింపుతుంది, చూసుకోకపోతే తలకోన కూడా తడిసిన బండలా కనిపిస్తుంది, లేదా అంతకన్నా ఘోరంగా ప్రాణం మీదికి వస్తుంది.

హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళు జూలై, ఆగస్టుల్లో ప్లాన్ చేసుకుంటారు. కుంటాల, బొగత లాంటివాటికి అది సరైన కాలమే, ఎందుకంటే అక్కడ నైరుతి వానలు దంచికొడతాయి. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలతో వస్తుంది. కాబట్టి ఇక్కడ జలపాతాల కాలం నవంబరు చివరి నుంచి జనవరి చివరి దాకా. ఆగస్టులో ఒక పెద్ద వాన పడినా నేల తాగేస్తుంది, రెండు రోజుల్లో వంక (కొండ వాగు) సన్నబడిపోతుంది. అదే డిసెంబరులో కొండంతా నాని ఉంటుంది కనుక వాన ఆగిన తర్వాత కూడా వారాల తరబడి నీళ్ళు దిగుతూనే ఉంటాయి.

అలాగని వాయుగుండం ఉన్న వారంలో పోకండి. 2021 నవంబరులో ఏం జరిగిందో ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోరు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి వచ్చిన నీళ్ళకు మండపం కూలింది, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు, స్వర్ణముఖి పొంగి ఊళ్ళు మునిగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడూ కొండల మీద కుండపోతే. అలాంటి రోజుల్లో ఫోన్లో వీడియోలు చూసి "ఇప్పుడే పోవాలి, ఇప్పుడే బాగుంటుంది" అని బండి తీసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. పెద్ద వాన ఆగాక కనీసం ఐదారు రోజులు ఆగండి. అప్పటికి బురద నీళ్ళు తేరుకుని తెల్లబడతాయి, దారిలో పడిన చెట్లు తీసేస్తారు, మూసేసిన గేట్లు తెరుస్తారు. నన్నడిగితే వాన ఆగిన వారం, పది రోజుల తర్వాత వచ్చే మామూలు పనిరోజును మించింది లేదు. ఆదివారాలు, న్యూ ఇయర్, సంక్రాంతి సెలవులు వదిలేయండి.

ఇంతకీ కొండల్లో నీళ్ళు ఇన్నాళ్ళు ఎట్లా నిలుస్తాయంటారా, తిరుమల ఘాట్ రోడ్డులో పోయేటప్పుడు కిటికీ లోంచి బండల్ని గమనించండి. కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా పరిచిన క్వార్ట్‌జైట్ రాయి. ఈ రెండిటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క, ఆ చోటును జాతీయ భూగర్భ స్మారకంగా కూడా గుర్తించారు. పైనున్న క్వార్ట్‌జైట్ గట్టిదే కానీ నిండా నిలువు పగుళ్ళు. వాన నీళ్ళు ఆ పగుళ్ళలో దిగి, మెల్లగా లోయల్లోకి ఊరుతూ ఉంటాయి. ఇక్కడి కోనల గోడలు కోసినట్టు నిటారుగా ఉండటం, వాటి మొదట్లో చల్లటి గుండాలు (నీటి మడుగులు) ఉండటం ఆ పగుళ్ళ పుణ్యమే.

ఇక ఎవరితో పోతున్నారన్నదాన్ని బట్టి చోటు ఎంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్న పిల్లలు ఉంటే కైలాసకోన. నారాయణవనం మండలంలో, పుత్తూరు దాటి ఊత్తుకోట రోడ్డులో పోతే తిరుపతి నుంచి సుమారు 45 కిలోమీటర్లు. నడక కొంచెమే, మెట్లుంటాయి, శివాలయం పక్కనే ధార పడుతుంది, వేసవిలో కూడా పూర్తిగా ఎండదు. పోయేటప్పుడో వచ్చేటప్పుడో నారాయణవనంలో కళ్యాణ వెంకటేశ్వరస్వామి గుడి చూసుకోవచ్చు, పద్మావతి అమ్మవారి పెళ్ళి జరిగిన చోటని అక్కడి నమ్మకం. అయితే హైక్ అంటే కాళ్ళు నొప్పి పుట్టాలి అనుకునేవాళ్ళకు కైలాసకోన చాలదు. కాస్త నడక కావాలి, కానీ మరీ అడవి మధ్యలో దారి తప్పే భయం వద్దు అనుకుంటే తలకోన, దాని గురించి కింద వివరంగా చెప్తాను. వడమాలపేట వైపు సదాశివకోన కొంచెం ఎక్కుడు, గుడి దాకా భక్తులు నడిచే దారే కాబట్టి మధ్యరకం.

బాగా నడవగలిగిన యువకులకు నాగలాపురం కొండలు, వరదయ్యపాళెం దగ్గరి ఉబ్బలమడుగు. చెన్నై వాళ్ళు ఉబ్బలమడుగును తడ ఫాల్స్ అంటారు, వారాంతాల్లో తమిళనాడు రిజిస్ట్రేషన్ బండ్లే ఎక్కువ కనిపిస్తాయి. ఈ రెండు చోట్లా వంక వెంబడే రాళ్ళ మీద గంటల తరబడి నడక, మధ్య మధ్యలో లోతైన గుండాలు. ఆ గుండాల్లోనే చాలా ప్రాణాలు పోయాయి. అందుకే అటవీశాఖ వాళ్ళు అప్పుడప్పుడు మూసేస్తారు, లోపలికి పోనిచ్చే దూరం తగ్గించేస్తారు. స్థానికుడు తోడు లేకుండా, ఈత రాని వాళ్ళతో కలిసి అక్కడికి పోవద్దనే నేను చెప్తాను. ఇక కపిలతీర్థం పైన మాల్వాడి గుండం ఉంది కదా, ఊరికి అంత దగ్గర అని ఎక్కేద్దామనుకునే కుర్రాళ్ళుంటారు. అది నిటారు బండ, దాని జోలికి పోకండి, కింద నిలబడి చూస్తే చాలు.

అనుమతి మాట వదిలేయడానికి వీల్లేదు. ఇది ఎర్రచందనం అడవి. స్మగ్లర్ల కోసం టాస్క్‌ఫోర్స్ గాలిస్తూ ఉండే చోటు. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, తలకోన చుట్టుపక్కలంతా శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. గేటు ఉన్న దారిలో టికెట్ తీసుకుని పోతే ఏ ఇబ్బందీ లేదు. గేటు లేని పక్క దారిలో, "మా ఫ్రెండ్‌కు తెలుసు" అనే భరోసాతో దూరితే అది అటవీ చట్టం కింద నేరం, పట్టుబడితే మీరు జలపాతం చూడ్డానికే వచ్చారని నిరూపించుకోవడం తల నొప్పి. ముందు రోజు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకో, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళకో ఫోన్ చేసి "రేపు తెరిచి ఉందా?" అని అడగండి. ఒక్క ఫోన్‌తో అరవై కిలోమీటర్ల వృథా ప్రయాణం తప్పుతుంది.

తలకోన రోజు ఎట్లా గడపాలో చెప్తాను. తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు, చంద్రగిరి, రంగంపేట దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి, నెరబైలు మీదుగా. పొద్దున ఆరుకు బయలుదేరితే ఎనిమిదికల్లా గేటు దగ్గరుంటారు. సొంత బండి లేకపోతే పీలేరు పోయే బస్సులు భాకరాపేటలో ఆగుతాయి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి, తిరిగి రావడానికి కూడా అదే ఆటో అన్నను ఒప్పించుకోండి, మధ్యాహ్నం తర్వాత అక్కడ బండ్లు దొరకడం కష్టం. నేరుగా తలకోనకు పోయే బస్సులు తక్కువ, వేళలు బస్టాండులో అడిగి తెలుసుకోవడమే మంచిది.

గేటు దాటాక సిద్ధేశ్వరస్వామి గుడి. అక్కడి నుంచి జలపాతం దాకా దారి మొదట్లో మెట్లు, చదును, ఆ తర్వాత రాళ్ళు, చెట్ల వేళ్ళు. అటూ ఇటూ పెద్ద పెద్ద తీగలు చెట్లను చుట్టుకుని పైకి పోతుంటాయి, కొన్నిటి మందం మనిషి తొడంత. కోతులు ఎక్కువ. చివరి మలుపు తిరిగేదాకా నీళ్ళ చప్పుడే, ఆ తర్వాత ఒక్కసారిగా 270 అడుగుల గోడ, దాని మీంచి నీళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఎత్తయిన జలపాతమని చెప్తారు. మంచి నీళ్ళున్న రోజు కింద నిలబడితే తుంపరకు కళ్ళు తెరవలేరు. తొమ్మిది, పదిలోపు చేరుకుంటే మీరూ, మీతో వచ్చినవాళ్ళూ తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. పదకొండు తర్వాత స్పీకర్లు పట్టుకుని వచ్చే గుంపులు మొదలవుతాయి. దయచేసి మీరు ఆ స్పీకర్ తేకండి. ఆ గోడకు నీళ్ళు కొట్టుకునే చప్పుడు వినడానికే కదా ఇంత దూరం వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం, తడి బండ మీద నడవడం. ఇక్కడ దెబ్బలు తగిలేవాళ్ళలో ఎక్కువమందికి తగిలేది పెద్ద ఎత్తు మీంచి పడి కాదు, మోకాలెత్తు రాయి మీద జారి. క్వార్ట్‌జైట్ పొడిగా ఉన్నప్పుడు గరుకుగా, కాలికి బాగా పట్టు ఇస్తుంది. అదే రాయి మీద ఎప్పుడూ తుంపర పడే చోట సన్నటి పాచి పడుతుంది, ఆకుపచ్చగా ఉంటే కనిపిస్తుంది, కానీ నల్లటి పాచి రాయి రంగులోనే కలిసిపోతుంది. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తున్న రాయి మీద కాలు పెట్టకండి. దాని పక్కనే ఎర్రగా, మట్టి రంగులో, మెరుపు లేకుండా ఉన్న రాయి వెతకండి. కాలు పెట్టే ముందు బరువంతా వేయకుండా వేళ్ళతో ఒకసారి నొక్కి చూడండి, రాయి కదిలితే వెనక్కి. ఎత్తు రాళ్ళ మీద అడుగులేసి గెంతడం కంటే రాళ్ళ మధ్యలో, మోకాలి లోపు నీళ్ళలో, అడుగున ఇసుక కనిపించే చోట నడవడమే క్షేమం. చెప్పులు తడుస్తాయని బండ మీంచి బండ మీదికి దూకేవాళ్ళే ఎక్కువ పడతారు. హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్న రబ్బరు సోల్ శాండల్స్ గానీ పాత కాన్వాస్ బూట్లు గానీ వేసుకోండి. జీన్స్ కూడా వద్దు, తడిస్తే బరువెక్కి మోకాలు వంగనివ్వదు. దిగేటప్పుడు మొహమాటపడకుండా కూర్చుని చేతులు ఆనించి దిగండి, దిగేటప్పుడే కాళ్ళు వణుకుతాయి.

రెండోది నీళ్ళ మీద ఓ కన్నేసి ఉంచడం. మీరు నిలబడిన చోట ఎండ కాస్తుండొచ్చు, ఆకాశం నీలంగా ఉండొచ్చు, అయినా పైన కొండ మీద వాన పడుతుంటే ఆ నీళ్ళన్నీ మీ వంకలోకే వస్తాయి. కోన గోడలు నిటారు కాబట్టి పక్కకు పోవడానికి చోటుండదు. అందుకే వంకలోకి దిగగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకోండి, సగం తడి, సగం పొడి ఉన్న రాయి. పది నిమిషాలకోసారి దాని వైపు చూడండి. పొడి సగం తడిసిందంటే నీళ్ళు పెరుగుతున్నాయి. తేటగా ఉన్న నీళ్ళు టీ రంగుకు తిరగడం, ఎండుటాకులు, పుల్లలు గుంపులుగా కొట్టుకు రావడం, ధార చప్పుడులో ఒక బరువు రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోటోలు, బట్టలు, బ్యాగు అని ఆలోచించకుండా దారి ఉన్న గట్టు వైపు ఎక్కేయండి. వచ్చిన దారి వంకకు అవతలి గట్టున ఉంటే ఆ నిర్ణయం ఇంకా ముందే తీసుకోవాలి. నీళ్ళు తొడల దాకా వచ్చి లాగుతుంటే దాటే ప్రయత్నం చేయొద్దు, ఇవతలే ఎత్తు మీద కూర్చుని ఆగండి. ఇలాంటి చిన్న వంకలు ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగానే తగ్గుతాయి, కొన్ని గంటలు ఓపిక పడితే చాలు.

పొద్దున గేటు దగ్గర వాచర్‌ని "అన్నా, రాత్రి పైన వాన పడిందా?" అని అడగడం అలవాటు చేసుకోండి. యాప్ తిరుపతి ఊరికి వాన లేదని చెప్తుంది, ఆయన మాత్రం "రాత్రంతా మెరుపులే సార్, గుండం కాడికి పోవాకండి" అంటాడు. ఆయన మాటే నమ్మండి.

గుండాల్లో దిగడం గురించి గట్టిగా చెప్తున్నాను. ధార పడే చోట నీళ్ళు పైకి తెల్లగా నురగగా కనిపిస్తాయి, ఆ నురగ నిండా గాలి, అందులో మనిషి తేలడం కష్టం, ఈత బాగా వచ్చినవాళ్ళకు కూడా. పైగా పడే నీళ్ళు మనిషిని కిందికి తొక్కుతాయి. అడుగున బండల మధ్య సందులుంటాయి, కాలు ఇరుక్కుంటే అంతే. పై నుంచి గుండంలోకి దూకడం అసలు వద్దు, నిరుడు లోతుగా ఉన్న చోట ఈ ఏడు వరదకు పెద్ద రాయి వచ్చి కూర్చుని ఉండొచ్చు, నీళ్ళ పైనుంచి అది కనిపించదు. మునిగే సరదా ఉంటే ధారకు దూరంగా, నీళ్ళు బయటికి పారే అంచు వైపు, నడుము లోతు దాటకుండా కూర్చోండి. తాగినవాళ్ళను నీళ్ళలోకి పోనివ్వకండి, అసలు అడవిలోకి మందు తీసుకుపోవడమే నిషేధం. పొద్దున్నే ధార కింద నేరుగా తల పెట్టడం కూడా ఆలోచించి చేయండి, పై నుంచి చిన్న రాళ్ళు జారుతుంటాయి, ముఖ్యంగా కోతులు పైన తిరుగుతున్నప్పుడు.

తిండి విషయంలో మన ఇంటి చిత్రాన్నం, పెరుగన్నం కంటే మంచివి లేవు. అరటాకులోనో స్టీలు డబ్బాలోనో కట్టుకోండి, ప్లాస్టిక్ కవరు చేతిలో ఊగుతూ కనిపిస్తే కోతులకు అది తిండే. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, ఒక టార్చి, ఒక పాత తువ్వాలు, ఒక ఈల, గాయాలకు గుడ్డ. డిసెంబరులో నీళ్ళు బాగా చల్లగా ఉంటాయి, పిల్లలకు మార్చుకునే బట్టలు తప్పనిసరి. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకోండి, ఏ కోనకు పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి పోండి. చెత్త మళ్ళీ మీ బ్యాగులోనే రావాలి. గుండం అంచున షాంపూ ప్యాకెట్లు, గుడ్డ ముక్కలు చూసినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది, ఆ నీళ్ళే కింద ఊళ్ళ చెరువులకు పోతాయి.

జంతువుల గురించి మరీ భయపడక్కర్లేదు, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. 2025లో శివరాత్రికి ముందు అడవి దారిన తలకోనకు నడిచిపోతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు దాడి చేశాయి, ప్రాణాలు పోయాయి. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో చిరుత చిన్నపిల్లను చంపింది. రెండిట్లోనూ చీకటి వేళ ఉంది. కాబట్టి వెలుతురులోనే నడవండి, గుంపుగా నడవండి, పిల్లలను ముందుకో వెనక్కో ఒంటరిగా వదలకండి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం ఏదీ చేయొద్దు. కరిచిన కాలు కదలకుండా చూసి, నడిపించకుండా మోసుకుని బయటికి తెచ్చి, 108కి ఫోన్ చేసి, ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి చేర్చండి.

ఇంకో మంచి అవకాశం ఉంది, అది తిరుమల కొండ లోపలి తీర్థాలకు. ఏడాదిలో ఒక్కో తీర్థానికి ఒక ముక్కోటి రోజు వస్తుంది, ఆ రోజు టీటీడీ వాళ్ళే అడవి దారి తెరిచి, మధ్యలో తాళ్ళు కట్టి, అన్నం, మజ్జిగ ఇచ్చి పంపిస్తారు. రామకృష్ణ తీర్థం సాధారణంగా జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే పౌర్ణమికి, తుంబురు తీర్థం మార్చి, ఏప్రిల్లో. పాపవినాశనం నుంచి తుంబురు దాకా నడక చిన్నదేమీ కాదు, చివర్లో రెండు నిలువు గోడల మధ్య చీలికలో, నీళ్ళలో దిగి పోవాలి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళను రావద్దంటారు, ఆ మాట వినండి. మామూలు రోజుల్లో అటు పోనివ్వరు కాబట్టి అడవి లోపల చూడాలనుకునేవాళ్ళకు ఇదే సరైన దారి. తేదీలు, వేళలు టీటీడీ ముందే ప్రకటిస్తుంది.

తిరుగు ప్రయాణం ఎక్కడికి పోయినా మధ్యాహ్నం రెండున్నరకే మొదలుపెట్టండి. డిసెంబరులో బయట ఆరింటికి చీకటి పడినా కోన లోపల ఎండ మూడింటికే గోడ వెనక్కి పోతుంది, ఆ తర్వాత పాచి రాయేదో మంచి రాయేదో కంటికి ఆనదు. తలకోన నుంచి వచ్చేవాళ్ళు భాకరాపేట ఘాట్ వెలుతురుండగానే దిగేయాలి. 2022 మార్చిలో రాత్రిపూట బస్సు లోయలో పడింది ఆ మలుపుల్లోనే. రోజంతా నడిచి, తడిసి, తిని ఉంటారు కాబట్టి డ్రైవింగ్‌లో నిద్ర ముంచుకొస్తుంది. ఘాట్ దిగడం మొదలుపెట్టక ముందే భాకరాపేటలో బండి ఆపి, టీ తాగి, మొహం కడుక్కుని, అవసరమైతే వేరేవాళ్ళకు స్టీరింగ్ ఇచ్చి దిగండి.